డ్రమ్మర్ ఎవర్ని చూసి కొట్టాడు

గల్ఫ్‌లో ఉన్నప్పుడు ప్రతి శుక్రవారం కంపెనీ వ్యాన్‌లో హోటళ్లుండే అద్లియాకి భోజనానికి వెళ్తూ మేం ముగ్గురు ఇంజనీర్లం ఒక పాత రాక్ బ్యాండు పాటలు పెట్టుకుని దాని గురించి కొట్టుకునేవాళ్లం. అందులోనూ ముగ్గురే: గిటారు, లావు తీగల బేస్, డ్రమ్స్. డ్రమ్మర్ మీద జాజ్ ప్రభావమని నేను, కాదు బ్లూసేనని మిగతా ఇద్దరూ.

ఒకసారి డ్రైవర్ నోరు తెరిచాడు. జగిత్యాల వైపు మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద, అయినా నువ్వనే పిలిచేవాణ్ణి.

"డ్రమ్ములు కొట్టేటాయన గిటారును పట్టించుకుంటలేడు సార్. ఆ లావు తీగెలాయన ఎన్కనే పోతుండు. మేం డప్పు గట్లనే కొడ్తం, ఆడేటోని కాలు జూసుకుంట."

"డప్పూ ఇదీ ఒకటేనా? నువ్వు రోడ్డు చూసి నడుపు," అన్నాను. మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు.

గదికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పదిహేనేళ్లుగా వింటున్న నాకు దొరకనిది స్టీరింగ్ తిప్పుతూ పట్టేశాడు. ఒళ్లు మండింది.

మరుసటి శుక్రవారం అదే వ్యాన్‌లో ఆ మాట నా మాటగా చెప్పాను. డప్పు సంగతి మాత్రం తీసేశాను. "ఏం చెవిరా నీది," అన్నాడు పక్కనున్న మిత్రుడు. పోయిన వారం నవ్వినవాళ్లకి అది ఎవరన్న మాటో గుర్తే లేదు. డ్రైవర్ వెనకద్దంలో నా వంక ఒక్కసారి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

ఆ తర్వాత మేం పాట పెట్టగానే ఆయన తన పక్క కిటికీ దించేవాడు, గాలి హోరులో పాట వినపడకుండా.

"ఏసీ బయటికి పోతోంది, మూసెయ్," అన్నాను.

మూశాడు. సౌండు నేనే పెంచాను.