సూపర్‌వైజరు పోస్టుకి రెండు కృతజ్ఞత కానుకలు

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో పీలింగ్ సూపర్‌వైజర్‌ని. రొయ్య తల తీసి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగడాన్ని పీలింగ్ అంటారు. ఆ బల్లల దగ్గరే వర్కరుగా చేరి, లీడరునై, ఆపైన సూపర్‌వైజర్‌నయ్యాను. నా పైన ప్రొడక్షన్ మేనేజరు గారు.

ఆ రోజుల్లో కొత్తగా కట్టిన ఇంకో ఫ్యాక్టరీ వాళ్లు నన్ను పిలిచి మాట్లాడి, ఎక్కువ జీతానికి వచ్చే నెల ఒకటో తారీఖున సూపర్‌వైజరుగా చేరమని ఫోనుకి ఆఫరు పంపారు. ఇక్కడ రాజీనామా ఇచ్చేదాకా గుట్టుగా ఉంచమని ఇంట్లో చెప్పాను. మా చర్చిలో ఉద్యోగం వచ్చినా, పిల్లలు పుట్టినా కవరులో కృతజ్ఞత కానుక ఇస్తారు. పాస్టరు గారు పేరూ కారణమూ మైకులో చదివి ప్రార్థన చేస్తారు. మా అత్తగారు ఆ ఆదివారమే కవరు ఇచ్చేశారు. మా షెడ్డులో సగం మంది ఆ చర్చివాళ్లే.

ఇంటికొచ్చి అడిగితే, “దేవుడికి చెప్పుకోడానికి కూడా మీ మేనేజరు పర్మిషన్ కావాలేంటే?” అన్నారు.

సోమవారం పొద్దున్నే మేనేజరు గారు పిలిచారు. “ఏంటి మార్తమ్మగారూ, మాకంటే ముందు చర్చిలో చెప్పేశారంట?” నవ్వుతూనే అన్నారు గానీ, ఇక దాచడానికేం లేదు. అప్పటికప్పుడు రాజీనామా రాసి ఇచ్చాను. నెలాఖరుకి రిలీవ్ చేస్తామన్నారు.

గురువారం భోజనాల వేళ కొత్త ఫ్యాక్టరీ ఆఫీసు అమ్మాయి ఫోను చేసింది. “ఆర్డర్లు తగ్గాయి మేడం. మీ ఆఫరు వెనక్కి తీసుకుంటున్నామండి. ఏమనుకోకండి.” క్యారేజీ మూత పెట్టేశాను. కొత్తది లేదు, పాతది నెలాఖరుకి పోతుంది. మా ఆయన నడుంనొప్పితో పని మానేసి అప్పటికే చాలాకాలం. ఆ చెప్పిందేదో రాసి పంపమ్మా అన్నాను. సాయంత్రానికి మెసేజీ పెట్టింది.

ఎవరికీ చెప్పొద్దు, ప్రార్థనలో పెడదామన్నారు అత్తగారు. ఆలస్యమైతే నా చోటు పోతుందని నా భయం. మర్నాడే మెసేజీ చూపించి, రాజీనామా వెనక్కి తీసుకుంటానని మేనేజరు గారిని అడిగాను. ఇంకా రిలీవ్ చెయ్యలేదు కాబట్టి వీలవుతుందన్నారు. “కాకపోతే మీ చోటు సుజాతకి చెప్పానండి. నోటిమాటేలెండి, వద్దని చెప్పేస్తాను. సోమవారం కాగితం తెండి.”

సుజాత నా కింద లీడరు. ఈ సంగతేమీ తెలియక శనివారం నా దగ్గరికొచ్చి, “అక్కా, నువ్వెళ్లేలోపు రిపోర్టులు రాయడం నేర్పవా?” అంది. నేర్పాను.

ఆదివారం పాస్టరు గారు కానుకలు చదువుతున్నారు. కూతురికి సూపర్‌వైజరు ఉద్యోగం దయచేసినందుకు, సుజాత తల్లి.

“చేతికి రాకుండానే ఏం తొందరో ఈవిడకి” అని గొణిగారు అత్తగారు. ఆవిడ వంక చూశాను. పాటల పుస్తకం తెరిచి అందులోకి చూశారు.

సోమవారం రాజీనామా వెనక్కి తీసుకునే కాగితం ఇస్తూ, సుజాతకి చెప్పిన పోస్టు ఆమెకే ఉంచి నన్ను ఇంకెక్కడైనా వెయ్యమన్నాను. ఆయన “రిసీవింగులో ఖాళీ ఉంది. ఎండలో నిలబడాలండి మరి” అన్నారు. లారీల్లో వచ్చిన సరుకు మంచు తీసి, వాసన చూసి, కిలోకి ఎన్ని తూగుతున్నాయో చూసి దింపించుకునే చోటది. నిలబడతానన్నాను. సూపర్‌వైజరు అలవెన్సు పోయింది, ఉద్యోగం నిలిచింది. రిటైరయ్యేదాకా అక్కడే చేశాను.

ఇప్పుడు ఎవరికైనా ఆఫరు పోయిందని నా దగ్గరికొస్తే నేను చెప్పేది ఒకటే. వద్దన్న మాట రాతలో తీసుకోండి. సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా మర్నాడే పాత చోటికి వెళ్లండి. మీ చోటు అప్పటికే ఎవరికి చెప్పారో కనుక్కుని, ఆ తర్వాత అడగండి.

రిసీవింగు పోస్టుకి కూడా అత్తగారు కానుక ఇచ్చారు. అక్కడి మొదటి జీతం నా చేతికొచ్చాక ఇచ్చారు.