లాంతరు గ్లాసు కింద పురుగు

నా చిన్నప్పుడు మా ఊరు రెండు పార్టీలుగా చీలింది. పులివెందులకు పోయే దోవలో ఊరు మాది. బడేమో అవతలి పార్టీ వాళ్ళ వీధిలో ఉండె, అందుకని నా చదువు రెండో తరగతితోనే నిలిచిపోయింది. నాయన కొట్లాట కేసులో కడప జైల్లో ఉన్నాడు. అమ్మ వాయిదాలకని జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ తిరుగుతా ఉండేది. ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా, మా చిన్నాయనా. అత్త నాయనకు అక్క. మొగుణ్ణి ఈ పార్టీల్లోనే పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన మనిషి, పనుంటే తప్ప నోరు తెరిచేది కాదు. చిన్నాయన పగలంతా మిద్దె మీద కూచుని వీధిని కాపలా కాసేవాడు. వీధి వాకిలికి ఎప్పుడూ లోపల గడియే. నాతో ఆడేదానికి గోడలు తప్ప ఏమీ లేవు.

అంతకు ముందు నాకు పక్కింటి అక్క తోడుండేది. రెండిళ్ళ దొడ్లకూ మధ్యన గోడకు చిన్న తలుపు ఉండె. ఊరు చీలినాక వాళ్ళు అవతలి పార్టీ అయినారు, ఆ తలుపు తీసేసి రాళ్ళు పేర్చి మట్టి మెత్తినారు. అక్క అవతల అంట్లు తోముతాంటే గాజుల చప్పుడు ఇవతలికి వినపడేది. నేను గోడకు చెవి ఆనించి నిలబడుకునేదాన్ని. పిలిస్తే ఎవరి ఇంట్లో ఎవరికి దెబ్బలు పడతాయోనని నేనూ పిలవలేదు, అక్కా పిలవలేదు.

ఆ ఏడే మా చీనీ తోటను అవతలి పార్టీ వాళ్ళు మొదలంటా నరికేసినారు. కాపుకొచ్చిన బత్తాయి చెట్లు. నాయన జైలుకు పోకముందు దొడ్లో నాటిన అంటు మొక్క ఒక్కటే మిగిలింది. ముఖం కడిగిన నీళ్ళు గూడా వృథా పోనీకుండా అత్త దాని మొదట్లోనే పోయించేది. అట్లాంటి మొక్క ఒకనాడు చిగుర్లు ముడుచుకుని, ఆకులు జిగురుజిగురుగా మెరుస్తా కనపడింది.

చిన్నాయన చూసి పళ్ళు కొరికినాడు. "మందు పోసినారక్కా. తెల్లారి ఆ పక్కింటి పిల్ల గోడ కాడ కడవ వంచుతాంటే మిద్దె మీంచి నా కండ్లతో చూసినా."

అత్త రుబ్బురోలు మీదికెక్కి గోడవతలికి తొంగి చూసింది. "ఆడ సొరపాదు ఉంది. దానికి పోసింటాది రా."

"తోట నరికినోళ్ళు చెట్టును ఇడుస్తారా? సాయంత్రం పోయి అడిగొస్తా."

మా ఊర్లో అడగడమంటే ఏందో నాకు ఆ వయసుకే తెలుసు. కొడవలి లేకుండా ఎవరూ అడగబోరు. ఆ ఇంట్లో అక్క ఉంది. ఏం చేయాలో తోచక చీనీ మొక్క కాడికే పోయి ఆకులు తిప్పి చూస్తా నిలబడినా. ఒక ఆకు అడుగున పసుప్పచ్చని గుడ్లు, నువ్వుగింజ కన్నా చిన్నవి, గుంపుగా నిలబెట్టినట్టు ఉన్నాయి. ఇంకో ఆకు మీద నల్లటి పురుగులు, ఒళ్ళంతా ముళ్ళు, వీపున నారింజ మచ్చలు, మొసలి పిల్లల మాదిరి. నేను కేక పెట్టినా.

"ఇదిగో, వీటిని గూడా వాళ్ళే తెచ్చి వదిలినారు," అని చిన్నాయన ఆకు తుంచి కింద పడేసి కాలెత్తినాడు. అత్త ఆయన భుజం పట్టి వెనక్కు లాగింది.

"అదేందో తెలుసునా నీకు?"

"తెలీదు."

"నాకూ తెలీదు. తెలీనప్పుడు కాలెత్తేదేంది?"

చీలిక వచ్చిన లాంతరు గ్లాసు ఒకటి గూట్లో ఉండె. పారేసేదానికి అత్తకు చెయ్యి రాలేదు. దాన్ని తెచ్చి పళ్ళెంలో నిలబెట్టి, ఒక పురుగును చీనీ ఆకుతో సహా లోపల వేసి, పైన పాత చీర పేలిక కట్టింది. "ఇదేందో తేలేదాక గోడ దిక్కు పోగాకు. పోతే ఈ ఇంట్లో నీకు సంగటి లేదు," అనింది తమ్ముడితో. సంగటి మాటకు చిన్నాయన తగ్గినాడు.

పురుగుకు మేత పెట్టేది నా పని అయింది. ముడుచుకున్న ఆకు ఒకటి తుంచి లోపల వేస్తాంటి. ఆ మడతల్లో చెట్లకు పట్టే నల్లటి పేలు కిక్కిరిసి ఉండేవి. తెల్లారి చూస్తే ఆకు ఆకు మాదిరే ఉంది, పేలు మాత్రం లేవు. ఆకు తింటాదనుకున్న పురుగు ఆకును ముట్టనే లేదు. చిన్నాయన మిద్దె దిగి వచ్చి, "ఏమ్మే, నీ మొసలికి పప్పు వేసినావా, ఊరిబిండి వేసినావా?" అని ఎగతాళి చేసేవాడు. అయినా వంగి చూడకుండా పోయేవాడు కాదు. ఆ దినాల్లో ఇంట్లో ముగ్గురం ఒక చోట చేరింది ఆ గ్లాసు కాడే.

ఒక పొద్దు అత్త పళ్ళేన్ని వేలితో తడిమి, ఆ వేలు తమ్ముడి ముందర పెట్టింది. పేలున్న ఆకు కింద పళ్ళెం గూడా చెట్టు మాదిరే జిగురు పట్టింది. "గుడ్డ కట్టిన గ్లాసులోకి గూడా వచ్చి పోసిపోయినారా రా, వాళ్ళు మందు?" అని అడిగింది. చిన్నాయన తానూ పళ్ళేన్ని వేలితో తాకి చూసి మిద్దెక్కినాడు.

తరవాత పురుగు గ్లాసుకు అతుక్కుని గట్టి పడిపోయింది. చచ్చిపోయిందని నేను ఏడిస్తే, ఉండు అనింది అత్త. కొన్నాళ్ళకు ఆ పెంకు చీలి మెత్తటి పసుప్పచ్చని పురుగు ఒకటి బయటికి వచ్చింది. మేం చూస్తాండంగానే దాని రెక్కల మీద నల్ల చుక్కలు ఒకటొకటే తేలినాయి. రంగు ముదిరి ఎరుపుకు తిరిగింది. అక్షింతల పురుగు! నేనూ పక్కింటి అక్కా చేతుల మీద పాకించుకుని, ఎవరి వేలి మీంచి ముందు ఎగురుతాదోనని పందెం కట్టుకున్న పురుగే.

చిన్నాయన ఆ పొద్దే కొడవలిని తీసుకుపోయి గడ్డి కోసేదానికని కొట్టంలో పెట్టినాడు. చెట్టు మీద మిగిలిన పురుగులు పేలను తినేసినాయి, చీనీ మొక్క కొత్త చిగురు వేసింది. నేను ఆ పురుగును తలుపు ఉండిన చోట మెత్తిన మట్టి మీద వదిలినా. అది పాకి గోడ అంచు దాటి అవతలికి పోయింది. అక్క చూసిందో లేదో తెలీదు. మా చీనీ పూతకు రాకముందే వాళ్ళు ఇల్లు అమ్ముకుని ప్రొద్దుటూరికి పోయినారు. ఆమెను నేను మళ్ళీ చూడలేదు. గోడవతల గాజుల చప్పుడు గూడా లేకుండా పోయింది.

వాళ్ళ బండి పోయిన సాయంత్రం అత్త నాకు తల దువ్వుతా, నేను అడగకుండానే చెప్పింది. "మీ మామ ఎవరిదో జాడ చెప్పినాడని చంపినారు. చెప్పింది ఆయన కాదని తరవాత తేలింది. ఒక్క వారం ఆగి చూసింటే సరిపోయేది." అంతే. దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు ఉండ చుట్టి గోడ సందులో పెట్టి, లేచి పోయింది. మామ మాట ఆమె నోట నేను విన్నది అదొక్కసారే.

ఇప్పుడు నాకు మనవరాండ్లు ఉన్నారు. కరెంటు వచ్చి లాంతర్లు పోయినా ఆ చీలిన గ్లాసును మాత్రం ఎవరినీ పారెయ్యనీలేదు. పిల్లోళ్ళు వంగ చెట్టు మీద ఏందో గుడ్లు ఉన్నాయని పరిగెత్తుకొస్తే గూట్లోంచి దాన్నే తీసిస్తా. పెద్దోళ్ళు వచ్చి, ఈ పని ఫలానా వాళ్ళే చేసినారు, ఇంకెవరు చేస్తారు అని రొమ్ములు చరుచుకుంటే, కూచోండి, ముందు సంగటి తినండి అంటా. వాళ్ళు తినేంతసేపూ నా చూపు గూట్లో ఆ గ్లాసు మీదనే ఉంటాది.