మోతకు కలకబారిన బీరు

గోజో దీవిలో ఆడది బీరు కాయడమేంటని నవ్వని మగాడు లేడు. ఫిలొమీనా లెక్కచేసేది కాదు. వాళ్ల నాన్న మేకల్ని కట్టేసే రాతికొట్టం కడిగి, సున్నం కొట్టి, అందులో రెండు స్టీలు ట్యాంకులు దించింది. బీరు కాయడమంటే ముప్పాతిక వంతు కడుగుడే. అందుకే ఆమె వేళ్లెప్పుడూ నానిన శనగల్లా ఉండేవి.

ఆమెకున్న కోరిక ఒక్కటే. ఊరి పునీతుడి పండగనాడు బ్యాండు క్లబ్బులో తన బీరు పొయ్యాలి. క్లబ్బు పెద్ద సాల్వు ఈ ఏడు సరేనన్నాడు గానీ, ఓ మెలిక పెట్టాడు.

"అద్దంలా ఉండాలమ్మాయ్. మడ్డి కనబడిందో, పక్కూరోళ్లు మన బ్యాండుని కూడా కలిపి ఏడిపిస్తారు."

మడ్డి అడుక్కి దిగాలంటే ట్యాంకు కదలకూడదు. కొట్టం వెనక పొలంలోనేమో మేనమామ కల్చిదోన్ పండగ వారమంతా పునీతుడి పేరు చెప్పి పొద్దున్నే మోతగుండ్లు పేలుస్తాడు. గుండు పేలితే గోడ అదిరేది, గోడతోపాటు ట్యాంకు, ట్యాంకులో మడ్డి లేచి కూర్చునేది.

"మావయ్యా, ఈ ఒక్క వారం కాస్త అవతలికెళ్లి కాల్చుకోవూ?"

"నీ బీరు నిద్రపోవాలని పునీతుణ్ణి లేపడం మానెయ్యమంటావా? పోవే!"

పండగ ఉదయం పీపాల్లోకి పట్టి, ఓ గ్లాసులో పోసి చూస్తే అచ్చం కుడితి. సాల్వు గ్లాసుని ఎండకెత్తి చూశాడు. అందులోంచి అవతలి చర్చి గంట కనబడలేదు. తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

ఫిలొమీనాకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఒక పీపాని తోపుడుబండి ఎక్కించి నేరుగా పొలంలోకి తోసుకెళ్లింది. గుండ్లన్నీ కాల్చేసి, పొగకి మసిబారి, గొంతులెండి కూలబడి ఉన్నారు కల్చిదోన్, అతని మనుషులు.

"నువ్వు పాడుచేసిందే మావయ్యా. నువ్వే తాగు."

అనుమానంగా ఓ గుక్క వేశాడు. రెండోది అనుమానం లేకుండా వేశాడు.

"ఏం కలిపావే ఇందులో?"

"నీ గుండ్లే."

కబురు ఎలా పాకిందో, బాకాలు చంకన పెట్టుకుని బ్యాండు వాళ్లూ దిగారు. వాళ్లని వెతుక్కుంటూ సాల్వు రొప్పుతూ వచ్చాడు.

"ఊరేగింపు వేళకి ఇక్కడేం చేస్తున్నార్రా?"

"శ్రుతి చేసుకుంటున్నాం," అన్నాడు బాకావాడు.

కల్చిదోన్ గ్లాసు చాచాడు. "కళ్లు మూసుకుని తాగు. ఇది చూడ్డానికి పోసింది కాదు."

సాల్వు తాగాడు. మీసానికంటిన నురగ తుడుచుకున్నాడు. ఖాళీ గ్లాసు మళ్లీ చాచాడు.

"మిగతా పీపాలు క్లబ్బుకి తోయించు. గాజు గ్లాసులొద్దు, మట్టి ముంతల్లో పొయ్యి. పక్కూరోళ్లు చూస్తారు."

"గాజు గ్లాసుల్లోనే పోస్తా," అంది ఫిలొమీనా, బండి తిప్పుతూ. "మా మావయ్య పనితనం వాళ్లూ చూడాలిగా!"