చెప్పిన మాట వినని మా దొరసాని

మా చిన్నప్పుడు... ఇబ్రహీంపట్నంలో మా గల్లీ మలుపు దాకా వచ్చిన ఒక తెల్ల కారు, మా ఇంటి ముందు ఆగకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అందులో భూమి కొనడానికి పట్నం నుంచి వచ్చిన పార్టీ ఉంది. కారుకి అడ్డంగా మా పిల్లి దాటింది... అంతే!

దాని పేరు దొరసాని. అమ్మ పెట్టిన పేరు. పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు. గిన్నెలో పాలు పోస్తే తాగి, మూతి తుడుచుకుని, మనమెవరో తెలియనట్టు వెళ్లిపోయేది. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని నేను పడని పాట్లు లేవు. నా చేతుల నిండా గీతలే.

అవి హైదరాబాద్ మా వైపు పరుగెత్తుకొస్తున్న రోజులు. ఎయిర్‌పోర్టు వస్తోందట, రింగు రోడ్డు వస్తోందట, ఆదిభట్లకి కంపెనీలు వస్తాయట... ఆదివారం వస్తే చాలు, మట్టి బాటల మీద కార్లే కార్లు. మా బాపు తమ్ముడు, అంటే మా చిన్నబాపు, నాగలి పక్కన పెట్టి తెల్ల చొక్కా వేసుకుని పార్టీలను పొలాల వెంట తిప్పేవాడు.

ఆ తెల్ల కారు పార్టీకి ఆయన చూపించాలనుకున్నది మా బావి కాడి అర ఎకరం. అది అమ్మ పెళ్లిలో తాతయ్య పసుపు కుంకుమల కింద ఇచ్చిన నేల. ఏటా అందులో కూరగాయలు వేసేది అమ్మే. అమ్మేద్దామని బాపు, చిన్నబాపు మాట్లాడుకున్నారు, ఒప్పేసుకున్నారు. అమ్మని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. సంతకం పెట్టే రోజు చెబితే చాలనుకున్నారు కాబోలు.

పిల్లి శకునం దెబ్బకి వెళ్లిపోయిన పార్టీని చిన్నబాపు బతిమాలి, మరుసటి ఆదివారానికి ఒప్పించాడు. ఈసారి ఆయనే ఒక మంచి శకునం తయారు చేసి పెట్టాడు!

"వదినె, కారు గల్లీలకు రాంగనే నువ్వు నిండు బిందె పట్టుకోని ఎదురు రా. ఇంగ తిరుగుండది," అని అమ్మతో చెప్పాడు. నా వైపు తిరిగి, "గా పిల్లిని గంప కింద మూసిపెట్టు. బయట కనవడ్డదో... సంచిల కట్టి మహేశ్వరంల ఇడిశిపెట్టొస్త!" అన్నాడు.

ఆ పార్టీ వచ్చేది తన నేల కోసమేనని అమ్మకి అప్పటికే తెలిసిపోయింది. ఆ పొద్దున బెండకాయలు తెంపుతూ అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకోవడం నేను చూశాను. నాకు ఒళ్లు మండింది.

ఆదివారం కారు చప్పుడు వినగానే దొరసానిని గంప కింద నుంచి తీసి ప్రహరీ గోడ మీద పెట్టాను. ఎండుచేప ముక్క ఒకటి రోడ్డుకి అవతలి పక్కకి విసిరాను. "పో దొరసానీ... జర పోవే!" అని కాళ్లావేళ్లా పడ్డాను.

దొరసాని చేప వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత నింపాదిగా ముందరి కాలు నాకడం మొదలుపెట్టింది. తోశాను. చేతి మీద ఇంకో గీత పెట్టి, అక్కడే సర్దుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చేసింది.

గేటు దగ్గర నిండు బిందెతో నిలబడి అమ్మ ఇదంతా చూస్తోంది.

"గదాన్ని నమ్ముకున్నవా బిడ్డా? అది ఎవ్వల కోసం దాటది. దానికి బుద్ధి పుడితేనే దాటుతది," అని నవ్వింది.

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. కాసేపు దొరసాని వైపే చూసింది. తర్వాత బిందె వంచి నీళ్లన్నీ జామచెట్టు మొదట్లో పారబోసింది. కొంగు నడుముకి దోపుకుని, ఖాళీ బిందెని అందరికీ కనబడేలా బోర్లించి పట్టుకుని, కారుకి ఎదురుగా నడిచింది.

ఖాళీ బిందె ఎదురొస్తే పెళ్లిచూపులకి బయలుదేరిన వాళ్లు కూడా ఇంట్లోకి వెళ్లి కూర్చునే రోజులవి... కారు ఆగింది. అద్దం దించి ఒక పెద్దాయన, "మరోసారి వస్తామండీ," అన్నాడు. మళ్లీ రాలేదు.

కారులోంచి దిగిన చిన్నబాపు మొహం కందిపోయింది. "ఏంది వదినె గిది? నా ఇజ్జత్ తీస్తివి గద!"

"మా నాయిన నాకిచ్చిన భూమి. అమ్ముదమా అని నన్ను అడిగిండ్రా? నీళ్లు తెమ్మన్నరు, నాకు తేబుద్ధి కాలె. గంతే!"

చిన్నబాపు దసరా దాకా మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. బాపు వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు. అమ్మా తగ్గలేదు. ఎనిమిదో రోజు బాపే వచ్చి, "బాయి కాడ దున్నియ్యాల్నా?" అని మెల్లగా అడిగాడు. ఆ నేల గురించి ఆయన అమ్మని అడగడం నేను వినడం అదే మొదటిసారి.

ఇప్పుడు నేను కథలు రాస్తాను. రాసేవాళ్లకి పిల్లులంటే ఎందుకంత ఇష్టమని అడుగుతుంటారు. అందంగా ఉంటాయి, అల్లరి చెయ్యవు అని ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. నాకు అవేవీ కాదు. ఇలా రాయి, అది రాయకు, ఆఖరున అందరినీ కలిపెయ్... అని చెప్పేవాళ్లు నాకు రోజూ తగులుతారు. పక్కన పిల్లి పడుకుని ఉంటే వాళ్ల మాట వినకుండా ఉండటానికి నాకు ధైర్యంగా ఉంటుంది.

పిల్లికి స్వార్థం ఎక్కువ, విశ్వాసం లేదు అంటారు. అననివ్వండి! ఆడపిల్లకి విశ్వాసం నేర్పేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. ఒళ్లు విరుచుకుని లేచి వెళ్లిపోవచ్చని నాకు నేర్పింది దొరసాని ఒక్కతే.

ఒక వానాకాలం అది వెళ్లిపోయింది... మళ్లీ రాలేదు. ఇప్పుడు మా గల్లీలో గోడలన్నీ ఎత్తుగా లేచాయి, పైన గాజు పెంకులు. పిల్లి కూర్చోవడానికి జానెడు చోటు లేదు.

బావి చుట్టూ అన్నీ ప్లాట్ల వెంచర్ల హద్దురాళ్లే. మధ్యలో అమ్మ బెండతోట. పార్టీలు ఇంకా వస్తూనే ఉన్నాయి... కాకపోతే ఇప్పుడు నేరుగా అమ్మ దగ్గరికే వచ్చి, "అమ్మగారూ, ఇస్తారా?" అని అడుగుతారు. అమ్మ చాయ్ పోస్తుంది, చెప్పిందంతా ఓపిగ్గా వింటుంది, ఆ తర్వాత తల అడ్డంగా ఊపి "ఇయ్య" అంటుంది.

మీ ఇంట్లో మొట్టమొదట "నేను చెయ్య" అన్న ఆడమనిషి ఎవరు? చెప్పండి... ఆమె గురించి వినాలనుంది.