యూరప్ కూడలిలో పెళ్లిచూపులు

దసరాలకి సుభాష్‌పల్లి కుర్రాళ్లు ఏటా పూజ పందిట్లో ఏదో ఒక ఊరిని దింపేవారు. ఎనభైల చివర్లో ఒక ఏడు, యూరప్‌లోని పాత నగరపు కూడలి కట్టారు. వెదుళ్లు, గుడ్డ, థర్మోకోల్‌తో నాలుగు వైపులా మేడలు, మధ్యలో నిజంగానే నీళ్లు చిమ్మే ఫౌంటెన్, ఆ చివర గంటస్తంభం కింద దుర్గమ్మ. ఖరగ్‌పూర్ ఊరు ఊరంతా అక్కడే ఉంది. నా పెళ్లిచూపులూ అక్కడే పెట్టారు.

ఇంటికి పిలిచాక వాళ్లు కాదంటే పరువు పోతుందని నాన్న భయం. అందుకని నేను ఫౌంటెన్ దగ్గర నిలబడాలి, ఊళ్లోనే మలంచా పేట నుంచి వచ్చే పెళ్లికొడుకు వాళ్లు జనంలోంచి చూసుకుని పోవాలి. నేను మాత్రం ఎవరినీ చూడకూడదు. ఇదేం న్యాయమో!

జరీ అంచు మెడకి గుచ్చుకుంటోంది. ఆ జులపాల మనిషేనా అతను? ఎగ్‌రోల్ తింటూ వేళ్లు నాక్కుంటున్న పొట్టాయనా? అతనైతే నా గతేం కాను? ఉండబట్టలేక ఫౌంటెన్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాను.

"ఏటే ఆ తిరుగుడు, కాలు కాలిన పిల్లిలాగ! కాసేపు కుదురుగా ఉండలేవా?" అంటూ అమ్మ మోచేత్తో పొడిచింది.

ఉందామన్నా వాలంటీర్లు ఉండనిస్తేగా? "దీదీ, ఎగియే చొలున్!" అని విజిల్ వేసి ముందుకు తోసేవారు. అసలైన కూడలిలో జనం కుర్చీలేసుకుని కాఫీ తాగుతారని ఏదో క్యాలెండర్ బొమ్మలో చూశాను. మా కూడలిలో ఆగడానికే వీల్లేదు. ఆ తోపుడికి దుర్గమ్మ ముందుకి, అక్కణ్ణించి రోడ్డు మీదకి వచ్చి పడ్డాం.

ఇంటికొచ్చాక నాన్న కబురు తెచ్చారు.

"ఆళ్లకి నువ్వు నచ్చినావట."

"నేను ఆయన్ని సూళ్లేదు కదా నాన్నా."

"నువ్వెల్లింది అగుపడ్డానికే, సూడ్డానికి కాదు," అంది అమ్మ.

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. కాపురం చెయ్యాల్సింది నేను.

"అయితే రేపు ఆయన్ని అక్కడ నిలబెట్టండి. నేను సూసినాకే పెళ్లి."

అమ్మ బుగ్గలు నొక్కుకుంది. నాన్న గుమ్మంలో విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కుని, "ఠీక్ హై," అన్నారు.

మర్నాడు సాయంత్రం అతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన జుట్టు, ముఖం నిండా చెమట. వాలంటీరు విజిల్ వేసి భుజం పట్టి తోశాడు. అతను ఫౌంటెన్ గట్టు పట్టుకుని కదల్లేదు. తనని చూసుకోడానికి ఒక అమ్మాయి రావాలని, కాసేపు నిలబడనివ్వమని బెంగాలీలో బతిమాలుతున్నాడు.

థర్మోకోల్ మేడ పక్క నుంచి నేను అతన్ని తల నుంచి చెప్పుల దాకా చూశాను. నచ్చాడు. అయినా ఇంకాసేపు నిలబెట్టాను.