బిడ్డ పడుకున్న గింజ

కబ్బన్‌పేట మగ్గాల సందుల్లో పిల్లమ్మను ఎరగనివాళ్ళు లేరు. ఎరగమని చెప్పుకునే హక్కు కూడా చాలామందికి లేదు. వాళ్ళను ఈ లోకంలోకి దించింది ఆమె చేతులే. మడకశిర వైపు నుంచి కాపురానికి వచ్చింది. మొగుడు పోయాక అత్త దగ్గర మంత్రసానితనం నేర్చుకుంది. మనిషి పొట్టి. గొంతు మాత్రం సందు ఈ మొదట్లో ఎత్తితే ఆ చివర మగ్గం ఆగేది.

కూలి విషయంలో ఆమె ధర్మశాస్త్రం ఒక్క మాటే: "లేనోళ్ళింట్లో ఇచ్చింది తీసుకోవల్ల, ఉన్నోళ్ళింట్లో అడిగింది తీసుకోవల్ల." ఒకే పనికి రెండు కూలీలు ఏం న్యాయమని గొణిగినవాళ్ళు లేకపోలేదు. ధర్మం మీద మనవాళ్ళు తాటాకుల మీద రాసింది, అచ్చులో వేసింది కలిపితే బండ్లకు ఎత్తవచ్చు. ఎవరికి ఇవ్వాలి, ఏ తిథినాడు ఇవ్వాలి, ఇస్తే ఏ లోకం దొరుకుతుంది, అన్నీ ఉన్నాయి. పుచ్చుకునేవాడు గొంతెత్తి అడగవచ్చునా అన్న చోటికి వచ్చేసరికి ఆ గ్రంథాలకు దగ్గు వస్తుంది. రాసినవాళ్ళకు అన్నం పెట్టిందెవరో ఆలోచిస్తే ఆ దగ్గు సంగతి తెలిసిపోతుంది. పిల్లమ్మకు చదువు రాదు. అందువల్ల దగ్గూ లేదు.

అది యుద్ధం నడుస్తున్న కాలం. దండు బస నిండా తెల్ల సిపాయిలు, పేట నిండా ఖాళీ గిన్నెలు. నూలుకు కంట్రోలు వచ్చి మగ్గాలు సగానికి సగం మూగబోయాయి. అలా మూగబోయినవాటిలో పెద్దమునియప్ప మగ్గాలూ ఉన్నాయి. ఆయన సందుకు పెద్దమనిషి, నిప్పులాంటివాడు. ఆయన కోడలు నంజమ్మ ఆడపిల్లను కని వారం దాటినా పాలు పడలేదు. బిడ్డ చీకి చీకి, ఏడ్చే ఓపిక కూడా పోయి, పిల్లికూనలా మూలుగుతోంది. రేషన్ రాగుల్లో రాళ్ళు, జొన్నల్లో పురుగులు. బాలింతకు పాతబియ్యం అన్నం, వెల్లుల్లి వేసిన మిరియాల చారు పడితేనే పాలు దిగుతాయని పిల్లమ్మ నమ్మకం. వెల్లుల్లి దొరికింది. మిరియాలూ దొరికాయి. పాతబియ్యం మాత్రం ఎంత తిరిగినా దొరకలేదు.

"యాడికీ పోదులే," అంది నంజమ్మతో. "బియ్యానికేమన్నా రెక్కలుండాయా? ఎవనింట్లోనో కూర్చోనుండాది."

అది కూర్చున్న ఇంటినుంచే పిల్లమ్మకు పిలుపు వచ్చింది.

తరగుపేటలో ధాన్యం మండీ నడిపే సావుకారు నరసింహప్ప జట్కా పంపించాడు. కోడలు జయమ్మకు నొప్పులు. లేడీ డాక్టరును పిలిపించగల ఇల్లు మంత్రసానిని ఎందుకు పిలిచిందో, గదిలో అడుగు పెట్టగానే తెలిసింది. గోడ పొడుగునా నడుమెత్తున పాతబియ్యం మూటలు, వాటి మీద జంబుఖానా. ఇన్‌స్పెక్టర్లు అటకలెక్కి, బావుల్లోకి తొంగిచూసి దాచిన ధాన్యం పట్టుకుంటున్న రోజులు. పురిటిగదిలోకి మాత్రం ఏ ఇన్‌స్పెక్టరూ కాలు పెట్టడు. మన దేశంలో మైల కాపాడినంత భద్రంగా ఏ తాళమూ కాపాడదు. మనవడు పుట్టవలసిన గదిని సావుకారు గిడ్డంగి చేసుకున్నాడు.

పిల్లమ్మ చూసింది. ముందు పని. మధ్యాహ్నానికి మగబిడ్డ పడ్డాడు. బొడ్డు కోసి, నీళ్ళు పోసి, జయమ్మకు నడుముకట్టు కట్టి, అప్పుడు చెయ్యి చాచింది.

పుట్టిన బిడ్డను చేటలో గింజలు పోసి, గుడ్డ పరిచి, దాని మీద పడుకోబెట్టడం ఆచారం. బిడ్డ పడుకున్న గింజ మంత్రసానిది. ఇంటివాళ్ళు దాన్ని తిరిగి వాడుకుంటే బిడ్డ నోటి కూడు లాక్కున్నట్టే అంటారు. ఉన్నవాళ్ళ ఇళ్ళలో చేట పొంగిపొర్లేలా పోసేవారు. సావుకారు తల్లి భాగీరథమ్మ తెచ్చిన చేటలో అడుగున గుప్పెడు నూకలున్నాయి.

"ఇదేంది అవ్వా, కోళ్ళకా?"

"రేషన్ కాలం గదా పిల్లమ్మా. మేమూ కార్డు మీద బతికేవాళ్ళమే," అంది ముసలామె, మూటల వైపు చూడకుండా.

పిల్లమ్మ చేటను పక్కన పెట్టింది. జంబుఖానా కొస తీసి, రెండు మూటలు ఆనుకున్న చోట మెత్తటి గుడ్డ మడతలు వేసి, బిడ్డను అడ్డంగా పడుకోబెట్టింది. తల ఒక మూట మీద, కాళ్ళు ఇంకో మూట మీద.

"చేట చిన్నదాయె," అంది. "పిల్లోడు దొడ్డోడు."

భాగీరథమ్మకు అర్థమై కొడుకును కేకేసింది. నరసింహప్ప వచ్చి తలుపు అవతలే నిలబడ్డాడు.

"ఏందే పిల్లమ్మా, ఏం గలాటా?"

"గలాటా ఏం లేదు సావుకారూ. మనవడు మూటల మింద కమ్మగా నిద్రపోతాండాడు. మీ వంశమే, అనుమానం లేదు."

నరసింహప్ప తలుపుకు దగ్గరగా జరిగాడు. తర్వాత గొంతు తగ్గింది. "ఇన్‌స్పెక్టరుకు చెప్తానని బెదిరిస్తాండావా?"

"చెప్పను. పురిటిగదిలో చూసింది గడప దాటించేది మా అత్త నేర్పలేదు. మీరు గింజ ఇయ్యకపోయినా చెప్పను. వాడు పండుకున్న గింజ నాది, అంతే. కాదంటే లోపలికొచ్చి, వాణ్ణి లేపి, మీ మూటలు మీరు తీసుకోండి."

"పురిటిగదిలోకి నేనెట్ల వస్తానే?"

"మీ బియ్యం వచ్చింది గదా."

మంచం మీద జయమ్మకు నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇది దొంగతనం," అన్నాడు నరసింహప్ప.

"దొంగ యెనకదోవన వస్తాడప్పా. నన్ను మీరు జట్కా పంపించి పిలిపిస్తిరి."

"సరే, తల ఉన్న మూట తీసుకో. కాళ్ళ కిందిది యాల?"

"కాళ్ళు లేకుండా వంశం యాడికి నడుస్తాది?"

చివరికి తీర్పు చెప్పింది ముసలామె. "ఇచ్చెయ్ రా. మనవని కిందిది మనం తింటే అరగదు."

అందులో ఎంత నిజముందో పిల్లమ్మకు తెలియదు. ఆమె అబద్ధం ఆడలేదు, ఆచారాన్ని కొంచెం సాగదీసింది. ఆ విద్య తమకే సొంతమని అంతవరకూ ఆ ఇల్లు నమ్ముతూ వచ్చింది.

మూటలు బండి మీద పోయే వీలు లేదు. రహదారి చీటీ లేని బియ్యం. బిడ్డకు నీళ్ళు పోయడానికి పిల్లమ్మ రోజూ వచ్చేది, పోయేటప్పుడు కొంత బియ్యం పురిటిబట్టల్లో మూటకట్టి చంకన పెట్టుకునేది. మైలగుడ్డలు విప్పి చూసే పోలీసు ఇంకా పుట్టలేదు.

మొదటి మూటతో ఆమె నేరుగా నంజమ్మ దగ్గరికి పోయి, అరుగు మీద గుడ్డలు విప్పింది. గుమ్మంలో పెద్దమునియప్ప అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఆ బియ్యం నా గడప దాటకూడదు పిల్లమ్మా."

"యాలప్పా? నా కూలి అది."

"ఈ ఊర్లో ఇప్పుడు పాతబియ్యం ఎట్లాంటోళ్ళ దగ్గర ఉంటాదో నాకి తెలీదా? పదిమంది కడుపు కొట్టి దాచిన గింజ. వాని పాపం దాంట్లో ఉండాది. మేము లేనోళ్ళమే గానీ లేకి మనుషులం కాదు."

సావుకారుతో వాదించడం సులువు, అతని దగ్గర ధర్మం నిలవ లేదు. పెద్దమునియప్ప ఇంట్లో అది తప్ప ఇంకేమీ లేదు.

"పాపం దాచినోనిది, గింజది కాదు," అంది పిల్లమ్మ. "సావుకారి కోసమని చెప్పి వాన పడిందా? రైతు దున్నినాడా?"

"భయపెట్టి తెచ్చిందే గదా?"

"అడిగి తెచ్చింది. ఉన్నోణ్ణి అడిగితే వానికి భయమైతాది, నేనేం చేసేది? నువ్వు పుట్టినప్పట్నించీ ఎవర్నీ అడగలేదు. మంచిదే. నీ మాదిరి అడగనోళ్ళు ఇంతమంది ఉండబట్టే వాడు నిమ్మళంగా తాళం ఏసుకోని కూర్చున్నాడు."

"మాటలు చాలు. నా పొయ్యి మీద అది ఉడకదు."

"ఉడకొద్దు."

పిల్లమ్మ అరుగు ముందు, వీధిలోనే మూడు రాళ్ళు పెట్టింది. కొబ్బరిచిప్పలు అంటించి, మిరియాల చారు కాచి దించి, ఎసరు పెట్టి బియ్యం పోసింది. పాతబియ్యం ఉడికే వాసన సందులోకి పాకితే తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. బాలింత వీధిలో తినడం ఆ సందులో ఎవరూ చూడలేదు.

"నంజమ్మా, రా."

నంజమ్మ చెవులకు గుడ్డ చుట్టుకుని, బిడ్డను రొమ్ముకు ఆనించుకుని మామ వెనక నిలబడింది. ముసలాయన కదలలేదు. బిడ్డ మూలిగింది, ఆగింది, మళ్ళీ మూలగడానికి చాలాసేపు పట్టింది.

"మామా," అంది నంజమ్మ. కాపురానికి వచ్చాక ఆయనతో నేరుగా మాట్లాడింది అదే మొదలు. "రవంత జరగండి."

పెద్దమునియప్ప ఆమె వైపు చూడలేదు. తలుపు చెక్క పట్టుకున్న చెయ్యి తీశాడు, గోడకు ఒదిగాడు.

"నేను మాత్రం తినను," అన్నాడు.

"నీకెవురు పెడతామన్నారప్పా? నీకేమన్నా పాలు పడల్నా?"

నంజమ్మ అరుగు మీద వీధికే ఎదురుగా కూర్చుని, వేడి వేడి అన్నం చారులో పిసుక్కుని తింది. చూసేవాళ్ళను చూస్తూనే తింది. పిల్లమ్మ గరిటె పట్టుకుని సందంతా వినబడేలా అంది: "ఇంకా ఎవురింట్లో బాలింతలుండారో గిన్నెలు తీసుకోని రాండి. పాపం అనుకునేవాళ్ళు ఇండ్లలోనే ఉండండి, వాళ్ళకి బలవంతం లేదు."

గిన్నెలు వచ్చాయి. కొన్ని కొంగుల చాటున వచ్చాయి, కొన్ని బాహాటంగానే వచ్చాయి. కొద్దిరోజుల్లో నంజమ్మకు పాలు పడ్డాయి. పెద్దమునియప్ప ఆ బియ్యం ముట్టలేదు. దానికి ఆయనను పిల్లమ్మ ఎన్నడూ ఎగతాళి చేయలేదు.

ఆ తర్వాత కూడా ఉన్నవాళ్ళు ఆమెను పిలుస్తూనే వచ్చారు, చెయ్యి అంత మంచిది. కానీ ఏ సావుకారూ పురిటిగదిలో మూటలు పెట్టలేదు. అవి దేవుడి గదులకు మారాయని పేటలో చెప్పుకున్నారు. ఆ మాట పిల్లమ్మ దాకా వస్తే వక్కాకు నములుతూ కాసేపు ఆలోచించింది.

"ఆ గదిలోకి నన్ను పిలవరు," అంది. "అది పూజారి చూసుకోవల్ల. ఆయప్పకు గొంతు లేస్తాదో లేదో."