నేను నొక్కిన ‘ఎక్స్‌పర్ట్’ బటన్

ఏలూరులో మూడు నెలల కంప్యూటర్ కోర్సు ముగించిన రోజులవి. గణపవరంలో చేపల చెరువులున్న మావయ్య, “మన చేపలకి వెబ్‌సైట్ చేసి చూపించరా, నీకు నెట్ సెంటర్ పెట్టిస్తాను” అన్నారు. చూడ్డానికి చుట్టాలందర్నీ పిలిచారు.

సాఫ్ట్‌వేర్ తెరవగానే ‘మీరు బిగినరా, ఎక్స్‌పర్టా?’ అని అడిగింది. అంతమందిలో బిగినర్నని ఎలా ఒప్పుకుంటాను? ఎక్స్‌పర్ట్ నొక్కాను. తెల్లటి ఖాళీ పేజీ వచ్చింది. అరగంటైనా అలాగే ఉంది.

“ఏరా, ఏమీ కనపడదే?”

“కొల్లేరు మంచు మావయ్యా. విడిపోతుందండీ.”

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఏవండీ, నాకెలాగూ ఏమీ రాదు కదా” అని మళ్లీ తెరిపించి బిగినర్ నొక్కింది. తయారుగా ఉన్న పేజీలు వచ్చాయి. పావుగంటలో చేపల ఫొటోలు పెట్టేసింది.

మావయ్య మాట తప్పలేదు. నెట్ సెంటర్ పెట్టించారు, అత్తయ్యకి. అందులో పనిచేస్తున్న బిగినర్ని నేనే.